మేక త్రేన్పుకు ధరెంత?

2024లో, దోహాలో చలి మొదలయ్యే రోజుల్లో, మా ఆఫీసుకు ఒక విచిత్రమైన పని వచ్చింది. నేను పనిచేసేది పర్యావరణ లెక్కలు చూసే ఒక చిన్న కన్సల్టెన్సీలో. మా పనిని ఎమిషన్స్ ఇన్వెంటరీ అంటారు. ఏ యంత్రం నుంచి, ఏ గొట్టం నుంచి ఏడాదికి ఎంత వాయువు గాలిలో కలుస్తోందో లెక్కగట్టి నివేదిక రాయడం. నెల్లూరులో ఇంజనీరింగ్ చదివి, పెళ్లయ్యాక ఇక్కడికొచ్చి, దుఖాన్ వైపు చమురు బావుల దగ్గర ఈ పని నేర్చుకున్నాను. అక్కడ పెద్ద చిక్కులుండవు. గొట్టానికి మీటరుంటుంది. మీటరు చూపించిన అంకెను రాసుకోవడమే. ఇవాళ ఉన్న గొట్టం రేపూ అక్కడే ఉంటుంది.

కొత్త పని పశువుల గురించి. ఆవులు, ఒంటెలు, గొర్రెలు, మేకలు పెంచేవాళ్లు తమ మందల నుంచి వెలువడే వాయువును ఏటా ప్రభుత్వానికి తెలియజేయాలంటే ఆ పద్ధతి ఎలా ఉండాలి? ముందు ముందు ఆ వాయువుకు టన్నుకింతని ఒక ధర పెడితే ఏమవుతుంది? ఈ రెండు ప్రశ్నలతో ఒక ముసాయిదా తయారైంది. అది చట్టమూ కాదు, ఉత్తర్వూ కాదు. ఆలోచన, అంతే. దాన్ని కొన్ని డెయిరీల్లోనూ కొన్ని ఇజ్బాల్లోనూ ప్రయత్నించి, ఎక్కడ పనిచేస్తుందో ఎక్కడ చేయదో చెప్పాలి. ఇజ్బా అంటే ఊరికి దూరంగా ఎడారిలో కంచె వేసుకుని పశువులు పెంచుకునే చోటు. యజమాని దోహాలో ఉంటాడు. ఇజ్బాలో ఉండేది మందా, దాన్ని చూసుకునే మనిషీ.

పశువులకూ వాయువుకూ ఏం సంబంధమని మా ఆయనే నన్నడిగాడు. నెమరువేసే జంతువు కడుపులో గడ్డి పులిసేటప్పుడు మీథేన్ పుడుతుంది. దీన్ని ఎంటరిక్ ఫర్మెంటేషన్ అంటారు. అందులో ఎక్కువ భాగం వెనకనుంచి కాదు, త్రేన్పుగా నోటినుంచే బయటికొస్తుంది. దీన్ని లెక్కగట్టడానికి రెండు దార్లున్నాయి. ఒకటి తలల లెక్క: మేకకింత, ఒంటెకింత అని ముందే తేల్చిపెట్టిన అంకె ఒకటుంటుంది, దాన్ని ఎమిషన్ ఫ్యాక్టర్ అంటారు. మందలో ఎన్ని తలలుంటే అన్నిటితో దాన్ని గుణించడమే. రెండోది మేత లెక్క: ఎంత తిన్నాయో తెలిస్తే ఎంత వాయువు పుట్టి ఉంటుందో అంచనా వేయవచ్చు. నాకు ఒంటె దగ్గరే కుతూహలం మొదలైంది. పెద్ద జంతువు కదా, ఆవుకంటే ఎక్కువ వదులుతుందేమో అనుకున్నాను. చదివితే తెలిసింది, ఒంటె తన ఒంటికి తగినంత కూడా తినదట. తక్కువ తింటుంది, తక్కువ వదులుతుంది. ఇన్నాళ్లూ గొట్టాల మధ్య తిరిగిన నాకు ఇదంతా కొత్త లోకంలా అనిపించింది.

నేను వెళ్లిన ఇజ్బాల్లో ఒకటి దుఖాన్ రోడ్డు నుంచి లోపలికి, మట్టిదారిలో ఉంది. యజమానిని అందరూ బూ జాసిమ్ అంటారు, జాసిమ్ వాళ్ల నాన్న అని. రిటైరైన మనిషి. ఒంటెలు కొన్నే, మేకలు బోలెడు. అమ్ముకోవడానికి కాదు, ఇష్టంకొద్దీ పెంచుతాడు. నేను కారు దిగేసరికి తలకు తువ్వాలు చుట్టుకున్న ఒకాయన కంచె తలుపు తీసి, నా మెడలోని ఐడీ కార్డు మీద పేరు చదివి ఆగిపోయాడు.

"సుజాత... మేడం, మీరు తెలుగోళ్లా?"

"అవునండీ. మాది నెల్లూరు. మీది?"

"జగిత్యాల దిక్కు. మల్లేశం నా పేరు. ఇన్నేండ్లల్ల ఈ కంచె లోపటికి తెలుగు మాట్లాడుకుంట వచ్చింది మీరే."

మల్లేశానికి యాభై ఉంటాయి. ఊళ్లోనూ గొర్రెలు కాసినవాడే. నేను "మల్లేశం గారూ" అన్నప్పుడల్లా సిగ్గుపడి నవ్వేవాడు. ఆ రోజు ఆయన పోర్టా క్యాబిన్ ముందు నీడలో కూర్చోబెట్టి పాలు ఎక్కువ పోసిన టీ ఇచ్చాడు. పశువుల వయసులు, బార్లీ ఎంత పోస్తాడు, జత్ ఎంత వేస్తాడు, అన్నీ అడిగాను. జత్ అంటే ఇక్కడ లూసర్న్ గడ్డి. అన్నిటికీ తడుముకోకుండా జవాబిచ్చాడు. చివరికి ఆయనే అడిగాడు.

"మేక తేన్పును పట్టుకునేదెట్ల మేడం? సంచిల పట్టుకుంటరా?"

"ప్రయోగశాలల్లో గాజు గదిలో పెట్టి కొలుస్తారు. ఇక్కడ మనం మేతను బట్టి అంచనా వేస్తాం."

"గాజు గదిల మేకనా!" అని పడీపడీ నవ్వాడు. "అది గాజునే నాకుతది మేడం, మేత యాదికే రాదు."

కొన్ని వారాల తర్వాత రెండోసారి వెళ్లాను. పద్ధతి ప్రకారం చలికాలంలో రెండుసార్లు చూసి పోల్చాలి. ఈసారి కంచె తలుపు తీసిన మల్లేశం ముఖంలో నవ్వు లేదు. లోపలికి వెళ్లి చూస్తే మేకల దొడ్డి వెలితిగా ఉంది. మందలో సగం కూడా లేవు.

"మిగతావి ఏమయ్యాయండీ?"

"అమ్మిండు మేడం. అబూ హమూర్ మార్కెట్ల."

"ఇన్నా? బూ జాసిమ్ గారు మేకల్ని అమ్మరని మీరే చెప్పారు కదా."

"పెండ్లి ఉండె. మాఫీ మేడం, ఇగ లేవు" అని ఒంటెల వైపు వెళ్లిపోయాడు.

అమ్మి ఉండొచ్చు. నేను రాసుకోవాల్సింది ఉన్నవాటినే కదా. తలల లెక్క తేలిగ్గా అయిపోయింది. తర్వాత మేత లెక్కకు వచ్చాను. గడ్డి వేసే పికప్ ఎన్నిసార్లు వచ్చిందో, బార్లీ బస్తాలు ఎన్ని ఖాళీ అయ్యాయో చూస్తే, మేత ఏమీ తగ్గలేదు. మొదటిసారి ఎంతో ఇప్పుడూ అంతే. సగం మంద పోయి, మేత అంతే ఉంటే, మిగిలిన మేకలు ఒక్కొక్కటీ రెండు మేకల తిండి తింటూ ఉండాలి. వాటిని చూస్తే అలా ఏమీ లేవు, ఎప్పటిలా బక్కగా, చురుగ్గా ఉన్నాయి. రెండు దార్లలో వచ్చిన అంకెలు కాస్త అటూ ఇటూ ఉండటం మామూలే. ఇంత తేడా నేనెప్పుడూ చూడలేదు. కోపం రాలేదు, అనుమానం కూడా కాదు. ఆ మేతంతా ఎక్కడికి పోతోందో తెలుసుకోవాలనే తహతహ, అంతే.

"మల్లేశం గారూ, ఈ గడ్డంతా ఎవరు తింటున్నారు?" అని నవ్వుతూనే అడిగాను.

ఆయన జవాబు చెప్పేలోపు బయట బండి చప్పుడైంది. తెల్ల ల్యాండ్ క్రూజర్. బూ జాసిమ్ వస్తారని నాకు తెలియదు, మల్లేశానికీ తెలియదు. నేను వచ్చానని విని, అరబ్బీ కాఫీ గహ్వా ఉన్న ఫ్లాస్కు పట్టుకుని పలకరించడానికి వచ్చాడాయన. అరబ్బీ, హిందీ కలిపి మాట్లాడే పెద్దమనిషి. నాకు సలాం చెప్పి, చిన్న కప్పులో గహ్వా పోస్తూ దొడ్డివైపు చూశాడు. చెయ్యి ఆగిపోయింది.

"మల్లేష్, మేకలేవి?"

మల్లేశం తలకు చుట్టిన తువ్వాలు విప్పాడు.

"నా మేకలు ఎక్కడ?"

మల్లేశం నా వైపు తిరిగాడు. తెలుగులో అన్నాడు, "మేడం, మీరే చెప్పుండ్రి. నాకు హిందీ వస్తలేదిప్పుడు." రోజూ మాట్లాడే హిందీ భయంలో ఆయన నోటికి రాలేదు. గబగబా నాకు చెప్పుకున్నాడు. మేకల్ని అమ్మలేదు. నా లెక్కకు దొరక్కుండా అవతలి ఇజ్బాలో ఉస్మాన్ అనే సూడాన్ స్నేహితుడి దొడ్డిలో దాచాడు. రోజూ మేత మోసుకెళ్లి వేస్తున్నాడు. యజమానికి తెలియదు.

చెప్పకుండా యజమాని పశువుల్ని వేరే చోటికి తోలడమంటే ఈ దేశంలోనే కాదు, ఎక్కడైనా దొంగతనం కిందే లెక్క. నేను ఏ మాట ముందు చెబుతానో దాని మీద ఆయన బతుకు ఉంది. అబద్ధం చెప్పే వీల్లేదు. అందుకని నిజంలోనే ముందు చెప్పాల్సిన ముక్క వెతుక్కున్నాను.

"మేకలు క్షేమంగా ఉన్నాయి. ఉస్మాన్ దగ్గరున్నాయి."

"అమ్మాడా?"

"లేదు. దాచాడు."

"ఎవరి నుంచి?"

"నా నుంచి."

బూ జాసిమ్ నన్ను ఎగాదిగా చూశాడు. ఇంత మంద దాచిపెట్టాల్సినంత భయం నాలో ఏముందో ఆయనకు అర్థం కాలేదు. చెప్పాల్సింది మల్లేశమే చెప్పాడు, నేను హిందీలోకి మార్చాను. ఊళ్లోవాళ్ల ఫోన్ గ్రూపులో ఒక వీడియో తిరిగిందట. ఎక్కడో యూరప్‌లో పశువుల మీద పన్ను వేస్తారన్న వార్తకు ఎవరో తెలుగులో గొంతు కలిపి, 'దుబాయ్‌ల మేక తేన్పుకు పన్ను' అని పెట్టారు. ఊళ్లో వాళ్లకు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. మల్లేశం భార్య ఫోన్ చేసి, "నీ మేకలకు గూడ పన్నంట గదా?" అని అడిగింది. అదే వారం నేనొచ్చి త్రేన్పుల లెక్క అడిగి వెళ్లాను. రెండూ కలిసిపోయాయి.

"ఈ సారు కొడుకు జాసిమ్ సారు ఒకపారి ఇక్కడ్నే అన్నడు మేడం, ఇంకో ఖర్చొస్తే ఈ మందను తీసేద్దామని. నేను విన్న. లెక్క తక్కువుంటే పన్ను తక్కువైతది, మంద ఉంటదనుకున్న."

అందరం ల్యాండ్ క్రూజర్ ఎక్కి ఉస్మాన్ ఇజ్బాకు వెళ్లాం. మేకలన్నీ అక్కడే ఉన్నాయి. బూ జాసిమ్‌ను చూసి అరుచుకుంటూ కంచె దగ్గరికొచ్చాయి. ఆయన ఒక్కొక్కదాని చెవి పట్టుకుని చూస్తున్నాడు. అప్పుడు మల్లేశం, ఎవరూ అడగకుండానే, ఒక చూలు మేకను చూపించాడు. కొత్త దొడ్డిలో ఉస్మాన్ పోతు దాన్ని కుమ్మింది. కడుపు పోయింది. ఆ మాట చెబుతూ మల్లేశం ఏడ్చాడు.

బూ జాసిమ్ ఆ మేక పక్కన కూర్చుని దాని పొట్ట నిమిరాడు. తలెత్తి అన్నాడు.

"బకరీ మేరా. డర్ తుమారా?"

మేకలు నావి, భయం నీదా అని. మల్లేశానికి అప్పుడు హిందీ తిరిగొచ్చింది. కానీ ఈ మాట మాత్రం తెలుగులోనే అన్నాడు. నేను మార్చి చెప్పాను.

"మేకలు మీయి సార్. నౌకరి నాది. ఊర్ల గొర్లు అమ్ముకొని వచ్చిన. ఇక్కడ గూడ అమ్ముడైతే ఏడికి పోవాలె?"

పెద్దాయన బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. తర్వాత నన్నడిగాడు.

"అమ్మా, ఒకటి చెప్పు. నా మేక త్రేన్పుకు నేను కడతాను సరే. ఓడలో వచ్చే మాంసం ఉంది కదా, ఆ మేక కూడా ఎక్కడో త్రేన్చే ఉంటుంది. దానికెవరు కడతారు? నేను మానేస్తే దోహాలో మాంసం తినడం మానేస్తారా, ఇంకో ఓడ తెప్పిస్తారా?"

నాకు జవాబు తెలియదు. అదే చెప్పాను. మా రంగంలో దానికొక పేరుంది, కార్బన్ లీకేజ్: ఒక దేశంలో ధర పెడితే ఉత్పత్తి, దాంతోపాటే వాయువు, ధర లేని చోటికి జారిపోవడం. పేరు తెలిసినంత మాత్రాన జవాబు తెలిసినట్టు కాదు కదా.

తిరిగొచ్చాక నా ముందు పెద్ద సమస్య. నివేదికలో ఏం రాయాలి? రెండో అంకె అబద్ధం, మొదటిది నిజం. అది సరిచేయడం తేలికే. కానీ సరిచేస్తే ఎందుకు సరిచేశానో చెప్పాలి. చెబితే మల్లేశం పేరు బయటికొస్తుంది. ఆ ముసాయిదాను చూస్తున్న అధికారి నూరా అనే ఆవిడ. నాకంటే చిన్నది, నెమ్మదిగా మాట్లాడుతుంది, ప్రశ్న వేస్తే జవాబు వినేదాకా కదలదు. ఆవిడకు నేరుగా చెప్పాను, పేరు మాత్రం చెప్పలేదు.

"పేరు నాకక్కర్లేదు. మిగతా ఇజ్బాల్లో కూడా ఇలా జరిగిందా?" అంది.

నిజంగానే నేనది ఆలోచించలేదు. మళ్లీ తిరిగాం, ఈసారి ఇద్దరం కలిసి. మేత లెక్కనూ తలల లెక్కనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకొన్ని చోట్ల కూడా మేకలు కాగితం మీదే మాయమయ్యాయి. ఒకచోట కాపరి, అతని ఊరు నిర్మల్, నవ్వుతూ ఒప్పేసుకున్నాడు. ఇంకోచోట యజమానే దాచాడు. నూరా ఎవర్నీ కసరలేదు. అందర్నీ ఒకటే అడిగేది: "ఈ లెక్కతో మేం ఏం చేస్తామనుకున్నారు?" పన్ను అన్నవాళ్లే ఎక్కువ. మందల్ని లాక్కుంటారని అన్నవాళ్లూ ఉన్నారు. ఒక పెద్దాయన, మా ఒంటె త్రేన్పుల్ని గొట్టాలతో పట్టి గ్యాస్ కంపెనీకి అమ్ముతారా అని నిజంగానే అడిగాడు. దానికి నూరా నవ్వు ఆపుకోలేకపోయింది, ఆయనా నవ్వాడు.

నూరాకు బూ జాసిమ్ ఇజ్బా చూడాలనిపించింది. వెళ్లాం. ఏ ఇజ్బా అని ఆవిడ అడగలేదు, ఊహించే ఉంటుంది. పెద్దాయన గహ్వా పోసి, ఓడ మాంసం ప్రశ్న ఆవిడనూ అడిగాడు. ఆవిడ రాసుకుంది. వెళ్లేముందు ఆయన మల్లేశాన్ని పిలిచి, మా ముందే అన్నాడు: "ఈ మంద ఉంచుతానో తీసేస్తానో అది నా ఇష్టం. కానీ తీసేసే రోజు వస్తే నా కొడుకులకంటే ముందు నీకు చెబుతాను. నువ్వూ ఏదైనా చేసేముందు నాకు చెప్పు." మల్లేశం తలూపాడు. మాట వినగానే ఆయన భుజాలు కాస్త కిందికి దిగడం నేను చూశాను. ఆ రోజు దాకా ఆయన అంత బిగుసుకుని నిలబడుతున్నాడని నాకు తెలియలేదు.

ముసాయిదాలో రెండు మార్పులు జరిగాయి. ధర గురించిన పేజీని దాన్నుంచి తీసి, వేరే అధ్యయనంగా పెట్టారు. ఓడల మాంసం ప్రశ్న అందులో మొదటిదిగా చేరింది. లెక్క తీసే పని కూడా మాలాంటి వాళ్లకు కాకుండా, టీకాలు వేయడానికి వచ్చే పశువుల డాక్టర్లకు అప్పగించాలని సూచించాం. డాక్టరు వస్తే ఎవరూ మేకల్ని దాచరు, ఇంకా ముందుకు తోస్తారు. దాంతోపాటు, లెక్క అడిగేముందు ఆ లెక్కతో ఏం చేస్తారో ఏం చేయరో చెప్పే ఒక కాగితం, కాపరుల భాషల్లో ఇవ్వాలనుకున్నాం. తెలుగు కాగితం రాసే పని నా మీద పడింది.

రాసింది తీసుకుని మల్లేశం దగ్గరికే వెళ్లాను. ఉద్గారాలు అన్న మాట దగ్గరే ఆయన ఆగిపోయాడు. "ఇదేంది మేడం, రోగమా?" దాన్ని కొట్టేసి, పశువులు విడిచే గాలి అని రాశాను. అలా ఇంకో రెండు మాటలు మారాయి. చివరి వాక్యం ఆయన వేలుపెట్టి, మెల్లగా, గట్టిగా చదివాడు: "ఈ లెక్క మీద ఇప్పుడు ఏ పన్నూ లేదు."

"ఇప్పుడు అన్న మాట తీసెయ్యరాదా మేడం? ఆ ఒక్కటి చదివితే మల్ల మేకలను దాచబుద్ధయితది."

ఆయన అడిగినదాంట్లో న్యాయముంది. ఆ మాట తీసేస్తే కాగితం చదివినవాడు హాయిగా నిద్రపోతాడు, మాకు లెక్కలూ సరిగ్గా వస్తాయి. "తీయలేనండీ. రేపేమవుతుందో నాకూ తెలియదు, నూరా గారికీ తెలియదు" అన్నాను.

మల్లేశం దొడ్డివైపు చూశాడు. కడుపు పోయిన ఆ మేక మళ్లీ మందలో కలిసి జత్ కట్టను లాగుతోంది.

"అయితే ఉండనీయండ్రి. తీసేసినంక రేపు పన్నొచ్చిందనుకో, ఇంకోపారి ఎవలచ్చినా లెక్క చెప్ప. ఇట్లుంటే, ఉన్నది ఉన్నట్టు రాసిండ్రని లెక్క చెప్త" అన్నాడు.

గొట్టాన్ని కొలవడానికి మీటరు చాలు, దానికి రేపటి భయం లేదు. మందను కొలవాలంటే మంద వెనకున్న మనిషి ఒప్పుకోవాలి. తెలియనిదాన్ని తెలియదని చెప్పినవాళ్లకే ఆ మనిషి నిజం చెబుతాడు. ఆ తర్వాత నేను రాసిన ప్రతి కాగితంలోనూ 'ఇప్పుడు' అన్న మాటను ఉంచుతున్నాను. తీసేయమని ఆఫీసులో ఎవరో ఒకరు ప్రతిసారీ అడుగుతూనే ఉంటారు.